శ్రమంబయ్యెడినా, శ్రమంబయ్యెడునా?

పాతపెట్టె: ఇంట్లో డెస్క్‌టాప్ మళ్ళీ మొరాయిస్తోంది. బ్రౌజర్ తెరిస్తే కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు, వీడియో పెడితే ముక్కలుముక్కలుగా వస్తుంది, మౌస్ బాణం మాత్రం హాయిగా తిరుగుతుంది. దాని వంక చూస్తూ కూర్చుంటే పోతన భాగవతంలో గజేంద్రుడి పద్యం, "లావొక్కింతయు లేదు", నోటికొచ్చింది. "ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్" దాకా బాగానే నడిచి అక్కడ ఇరుక్కుపోయాను. చివర శ్రమంబయ్యెడిన్ ఆ, శ్రమంబయ్యెడున్ ఆ? మా నాన్న డున్ అనేవారని గుర్తు. పైగా డస్సెన్ కాదు, దస్సెన్ అని ఆఫీసులో ఒకాయన పట్టుబడుతున్నారు.

ద్రుతం: దస్సెన్ సంగతి తేలికే. శార్దూలం, యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) 13వ అక్షరం, పాదం మొదట ఠా. దానికి డ చెల్లుతుంది, ద చెల్లదు. మీ ఆఫీసాయనకి ఇంతే చెప్పండి. 19వ అక్షరం దగ్గర మాత్రం ఛందస్సు మనకేం సాయం చేయదు, డిన్ అయినా డున్ అయినా గురువే. నేను చూసిన అచ్చుప్రతుల్లో డిన్ ఉంది.

అరసున్న: డిన్ ఏ. పోతన చెవికి ఆ డి అంటే ఎంత ఇష్టమో వేరే చెప్పాలా? "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట".

ద్రుతం: అది సాక్ష్యానికి పనికిరాదండీ. పలికించెడివాడులో ఎడి వెనక వాడు ఉన్నాడు, అది విశేషణం. మనకి కావలసింది వాక్యం ముగించే క్రియ. అలాంటిది ఇంకో పద్యంలోంచి చూపించండి, ఒప్పుకుంటా.

మధ్యాక్కర: మీరిద్దరూ అక్షరం పట్టుకుని కాలాన్ని వదిలేశారు. దప్పెను, వచ్చె, డస్సెన్, ఇవన్నీ అయిపోయినవి. శ్రమ ఒక్కటే ఇంకా అవుతోంది. డున్ అంటే నా చెవికి కాబోయేదిలా వినిపిస్తుంది. మొసలితో వెయ్యేళ్ళు పెనుగులాడిన ఏనుగు "ఇకమీదట శ్రమ కలుగుతుంది" అంటుందా?

పాతపెట్టె గారూ, మీ మెషీన్ విషయంలోనూ అడగాల్సింది ఇదే. ఒకసారి బిగుసుకుపోయి రీస్టార్ట్ చేస్తే తప్ప లేవడం లేదా, లేక ఆగుతూ ఆగుతూ నడుస్తోందా? మొదటిది మూర్ఛ, రెండోది శ్రమంబయ్యెడిన్.

శకటరేఫ: మధ్యాక్కర గారు బాగా పట్టారు గానీ ఆ రెండోదాంట్లో మళ్ళీ రెండున్నాయి. మీట నొక్కాక ఆలస్యంగా స్పందిస్తే ల్యాగ్. అడుగు సమంగా పడకపోతే స్టటర్. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒకటి 80 తీసుకుందనుకోండి, సగటు దాదాపు అలాగే ఉంటుంది, కన్ను మాత్రం ఆ కుదుపుని పట్టేస్తుంది. అందుకే సగటు అంకె చూసి "అంతా బాగుందే" అనేవాళ్ళ మాట నేను వినను.

నా సిద్ధాంతం ఏమిటంటే ఈ పద్యం మొత్తం ట్రబుల్‌షూటింగే. లావొక్కింతయు లేదు, అంటే ర్యామ్ చాలట్లేదు. ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, అంటే ర్యామ్ నిండిపోయి అందులో ఉండాల్సిన సరుకు హార్డ్ డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి వలస పోయింది. తనువున్ డస్సెన్, ప్రాసెసర్ వేడెక్కింది. నవ్వకండి, టాస్క్ మేనేజర్ తెరిచి ర్యామ్, డిస్క్ వరసగా చూడండి, వేడి విడిగా చూసుకోండి.

అరసున్న: డస్సు అంటే వేడి ఎక్కడిది? డయ్యు ధాతువు, అలసిపోవడం.

శకటరేఫ: అదేగా నేనన్నది. 90, 100 డిగ్రీల దగ్గరికి పోతే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అది డయ్యడం కాక మరేమిటి? బెజవాడ మే నెలలో, ఫ్యాన్ నిండా దుమ్ముతో, ఏ పెట్టయినా డస్సుతుంది. దుమ్ము దులిపి, పాతబడ్డ థర్మల్ పేస్ట్ మార్చి అప్పుడు మాట్లాడండి.

పాతపెట్టె: చూశాను. డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంది, దిగట్లేదు. ర్యామ్ 4 జీబీ, అదీ నిండుగానే ఉంది. వేడి మామూలే. హార్డ్ డిస్క్ కొన్నప్పటిదే, మధ్యమధ్యలో టిక్కుటిక్కుమంటోంది కూడా.

కందగర్వం: అసలు పోతనది ఒంటిమిట్ట అని మావాళ్ళు

మధ్యాక్కర: వద్దు. బమ్మెర, ఒంటిమిట్ట గొడవ ఈ దారంలో వద్దు. దండం పెడతా.

కందగర్వం: సరే, ఒక్క మాట చెప్పి పోతా. ఆ పద్యంలో నాకు నచ్చేది విలోలంబయ్యె. ధైర్యం "పోయింది" అనలేదు, ఊగిపోతోంది అన్నాడు. మీ స్టటర్‌కి తెలుగు మాట కావాలంటే అదే తీసుకోండి, వీడియో విలోలంబయ్యె.

ద్రుతం: విలోలం అంటే అటూ ఇటూ ఊగడం, ఆగి ఆగి నడవడం కాదు. స్టటర్‌కి తొట్రుపాటు చాలు.

శకటరేఫ: పాతపెట్టె గారూ, సగం తేలింది. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్లు) డిస్క్ పళ్ళెం ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. పేజ్ ఫైల్ కోసం, అప్‌డేట్ల కోసం, యాంటీవైరస్ కోసం దాన్ని ఒకేసారి నాలుగు వైపులా పరిగెత్తిస్తే ఇలాగే ఉంటుంది. సిస్టమ్ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని డ్రైవ్) మీదికి మార్చండి, ర్యామ్ కనీసం 8 చేయండి, బోర్డులో చోటుంటే ఒకేలాంటివి రెండు స్టిక్కులు వేయండి. కానీ ఆ టిక్కుటిక్కు మంచి సూచన కాదు. "రావే యీశ్వర" దాకా రానివ్వకుండా ఈ రాత్రికే ఫొటోలూ కాగితాలూ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసేయండి.

అరసున్న: పద్యంలో ఆ వరసే గొప్పది కదా, "నీవే తప్ప నితఃపరం బెఱుగ" అన్నాకే రావే అంటాడు.

ద్రుతం: బ్యాకప్ సంగతి అయ్యాక పాతపెట్టె గారు వాళ్ళ నాన్నగారి పుస్తకం ఇంట్లో ఉంటే అష్టమ స్కంధం తీసి ఆ పేజీ ఫొటో పెట్టాలి. నిజంగా డున్ అని అచ్చై ఉంటే అది ఏ ముద్రణో కూడా చెప్పండి.

మధ్యాక్కర: అచ్చులో ఉన్నా నేను ఒప్పుకోను.