వీపీహెచ్1 తీసేసినా ఈస్ట్ పీహెచ్ 7.5 ప్లేటు మీద పెరుగుతోంది, ఎందుకు?

ప్రశ్న: ఈస్ట్‌లో వీపీహెచ్1 జన్యువు తీసేశాను. కణంలోని సంచిలాంటి అర వాక్యూల్, దాని పొర మీది ప్రోటాన్ పంపులో ఒక భాగాన్ని ఈ జన్యువు తయారుచేస్తుంది. జన్యువు పోయిందో లేదో చూసే పీసీఆర్ పరీక్షలో బ్యాండ్ అనుకున్న సైజులోనే వచ్చింది. వాక్యూల్‌ని ఆమ్లంగా ఉంచే ప్రోటాన్ పంపు లేకపోతే పీహెచ్ 7.5 దగ్గర కణాలు పెరగవని చదివాను. నా ప్లేటు మీద మాత్రం కాలనీలు దర్జాగా వచ్చాయి. ఆమ్లంగా ఉన్న వాక్యూల్‌లో చేరి వెలిగే క్వినాక్రిన్ రంగు వేసి చూస్తే మామూలు స్ట్రెయిన్‌లో కూడా వాక్యూల్ వెలగలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో అంతుపట్టడం లేదు.

జవాబు: టెన్షన్ పడకండి, మీ డిలీషన్ బాగానే ఉన్నట్టుంది. ఈ పంపులో రెండు ముక్కలుంటాయి. సైటోసోల్ వైపు ఉండే వి1 కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తుంది, పొరలో కూర్చున్న వివో ప్రోటాన్లను లోపలికి పంపుతుంది. వీపీహెచ్1 ఉండేది వివోలో. అసలు చిక్కు ఏమిటంటే దానికో జోడీ ఉంది, ఎస్‌టీవీ1. మిగతా భాగాలకు ఒక్కో జన్యువే. ఎస్‌టీవీ1 ఉన్న పంపు కణంలోని వేరే అరలైన గాల్జీ, ఎండోసోమ్‌ల దగ్గర పనిచేస్తూనే ఉంటుంది, అందుకే మీ కణాలు బతికాయి. పూర్తి లోపం కావాలంటే రెండూ తీసేయాలి, లేదా జోడీ లేని పంపు భాగం జన్యువు వీఎంఏ2 తీయండి. నన్నడిగితే వీఎంఏ2 లేని స్ట్రెయిన్ కంట్రోల్‌గా పక్కన లేకుండా ఈ ప్లేటు పెట్టడమే దండగ.

క్వినాక్రిన్ వేశాక కణాల్ని దేంతో కడిగారు?

అడిగినవారు: ఉత్త హెపీస్ బఫర్, పీహెచ్ 7.6. మూడుసార్లు కడిగాను.

జవాబు: దొరికింది! గ్లూకోజ్ అందకపోతే కొద్ది నిమిషాల్లోనే వి1 వివో నుంచి ఊడిపోతుంది. పంపు ఆగితే రంగు లోపల నిలవదు. బఫర్‌లో 2 శాతం గ్లూకోజ్ కలిపి కడగండి. గ్లూకోజ్ తిరిగి అందితే రేవ్ అనే ప్రొటీన్ల గుంపు ఆ రెండు ముక్కల్నీ మళ్లీ అతికిస్తుంది. కణాల్ని ఐస్ మీదే ఉంచి, గంటలోపే మైక్రోస్కోపు కింద చూసేయండి.

ఇంకొకరు: పంపు లోపం చూడ్డానికి కాల్షియం ప్లేటు కూడా పోసేట్టయితే ఫాస్ఫేట్ బఫర్ జోలికి వెళ్లకండి. రెండూ కలిసి తెల్లగా విరిగినట్టు అవుతాయి, ఏది కాలనీయో ఏది మడ్డో తెలియదు. ఎంఈఎస్, మాప్స్ అనే బఫర్లు వాడితే ఈ గొడవుండదు. మీ స్ట్రెయిన్ ఏడీఈ2 (అడెనిన్ తయారీకి కావాల్సిన జన్యువు) లోపమున్నదా? అయితే మైక్రోస్కోపు ముట్టకుండానే ఓ కబురు తెలుస్తుంది. దాని కాలనీలకొచ్చే ఎరుపు రంగు వాక్యూల్‌లోనే చేరుతుంది. వీఎంఏ2 లాంటి పంపు జన్యువు పోతే ఆ ఎరుపు పోయి కాలనీ తెల్లబడుతుంది.

అడిగినవారు: గ్లూకోజ్ కలిపి మళ్లీ చేశాను. మామూలు కణాల్లో వాక్యూల్ గుండ్రంగా, పచ్చగా వెలిగింది. వీపీహెచ్1 లేనివాటిలో బాగా మసగ్గా ఉంది. వీఎంఏ2 స్ట్రెయిన్ తెప్పిస్తున్నాను, దాన్ని మామూలు వైపీడీలో (ఈస్ట్‌ని పెంచే పోషక మాధ్యమం) ఉంచొచ్చా?

జవాబు: వద్దు, నీరసంగా పెరుగుతుంది. పీహెచ్ 5కి బఫర్ చేసిన వైపీడీలో పెట్టండి, అక్కడ హాయిగా ఉంటుంది.