కోరంగి మడ అడవుల్లో మట్టి కోర్లు తీసిన అసిస్టెంట్ పేరు పరిశోధన పేపర్లో ఉండాలా, వద్దా?

గాడేరు_పాయ:
ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ అయ్యాక కోరంగి మడ అడవుల ప్రాజెక్టులో ఫీల్డ్, ల్యాబ్ అసిస్టెంట్‌గా చేశాను. మడ నేలలో ఎంత కార్బన్ నిల్వ ఉందో లెక్కగట్టే పని. గాడేరు, మట్లపాలెం కాలువల వెంబడి పడవలో వెళ్లి మీటరు లోతు దాకా మట్టి కోర్లు (గొట్టం దించి తీసే నిలువు మట్టి కడ్డీలు) తీయడం, చెట్ల చుట్టుకొలత కొలవడం, ల్యాబ్‌కి వచ్చాక ఆరబెట్టడం, తూచడం, ఫర్నేస్‌లో కాల్చడం అన్నీ నేనే చేశాను. మొన్న పేపరు వచ్చింది. రచయితలు ఐదుగురు. వాళ్లలో ఇద్దరు ఆ బురదలో ఒక్కసారి కూడా దిగలేదు. నా పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది, అదీ ఇంటిపేరు తప్పుగా. అడిగితే "జీతం ఇచ్చాం కదా" అన్నారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్తే మొదట అడిగేది పేపర్లు ఎన్ని అనే. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. న్యాయమేనా?

సముద్రపు_మాస్టారు:
అమ్మా, నీ బాధ అర్థమైంది. ఇంటిపేరు తప్పు వేయడం పద్ధతి కాదు, దిద్దమని అడుగు. కానీ కొలిచినవాళ్లందరూ రచయితలు కారు. ఐసీఎంజేఈ అని వైద్య పత్రికల సంపాదకుల నియమాలున్నాయి, మిగతా రంగాల పత్రికలు కూడా చాలావరకు వాటినే చూస్తాయి. ఆలోచనలో గానీ డేటా సేకరణలో, విశ్లేషణలో గానీ గట్టి పాత్ర ఉండాలి. రాతలో లేదా దిద్దుబాటులో పాలు ఉండాలి. చివరి ప్రతిని ఆమోదించాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పాలి. ఈ నాలుగూ కలిస్తేనే పేరు.

నా అనుభవం చెబుతాను. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవాలంటే బాటిల్ నింపగానే పడవలోనే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయోడైడ్ వేసి ఫిక్స్ చేయాలి, అంటే ఆక్సిజన్ మారకుండా పట్టి ఉంచాలి. ఒక కుర్రాడు నీళ్లు పట్టుకొచ్చి సాయంత్రం లాడ్జిలో తీరిగ్గా వేశాడు. ఆ సీజన్ అంకెలన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. అతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. నిధులిచ్చినవాళ్ల ముందు నిలబడింది నేను. పేపర్లో పేరంటే ఆ నిలబడటం.

బ్యూరెట్_బాబాయ్:
కోర్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఆరబెట్టారు? 60 దగ్గరా, 105 దగ్గరా?

గాడేరు_పాయ:
60 దగ్గర, బరువు మారడం ఆగిపోయేదాకా.

బ్యూరెట్_బాబాయ్:
మా ల్యాబ్‌లో మట్టి ఎప్పుడూ 105 దగ్గరే. 60 దగ్గర తేమ పూర్తిగా పోదు. బల్క్ డెన్సిటీ, అంటే ఇంత ఘనపరిమాణంలో ఎంత పొడి మట్టి ఉందన్న లెక్క, తేడా వస్తుంది.

గాడేరు_పాయ:
బాబాయ్ గారూ, మడ నేలకి 60 అనే పద్ధతి పుస్తకాల్లో ఉంది. ఎక్కువ వేడి పెడితే సేంద్రియ పదార్థం కొంత పోతుందని అలా పెట్టారు.

మాస్టారు గారూ, మీరు చెప్పిన నియమాల్లోనే ఇంకో మాట కూడా ఉంది. మొదటి షరతు తీర్చినవాళ్లకి రాతలో, ఆమోదంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని, ఆ అవకాశం ఇవ్వకుండా ఆ లోటునే సాకుగా చూపి పేరు తీసేయకూడదని. నాకు డ్రాఫ్ట్ ఎవరూ పంపలేదు. పంపని డ్రాఫ్ట్‌ని దిద్దలేదని నన్నెలా తప్పుబడతారు?

ఇక "కొలిచినవాళ్లందరూ రచయితలు కారు" అన్న మాటకి వద్దాం. కార్బన్ లెక్క అంటే బల్క్ డెన్సిటీ, కార్బన్ శాతం, కోరు నుంచి కోసిన ముక్క మందం, ఈ మూడింటి గుణకారం. 5 సెంటీమీటర్లు అని రాసుకుని 5.5 కోస్తే బల్క్ డెన్సిటీ అక్కడే 10 శాతం ఎక్కువ వస్తుంది. ఆ తప్పు చివరి అంకె దాకా పోతుంది, మధ్యలో ఎవరికీ కనబడదు. ఉప్పు పొన్న అయితే ఊడవేర్లు ఎక్కడ ఆగాయో చూసి దానికి 30 సెంటీమీటర్ల పైన టేపు చుట్టాలి, నడుము లోతు బురదలో నిలబడి.

ఇంకోటి. ఆల్చిప్పలున్న చోట తీసిన కోర్ల మీద ఆమ్లం చుక్క వేస్తే పొంగు వచ్చింది. గుల్లల్లోని సున్నం అన్నమాట. అది తీసేయకుండా సీహెచ్‌ఎన్ అనలైజర్‌కి (కార్బన్ శాతం కొలిచే యంత్రానికి) పంపితే సున్నంలోని కార్బన్ కూడా సేంద్రియ కార్బన్‌గా లెక్కలోకి వస్తుంది. ఆమ్లంతో కడిగాకే పంపుదామని చెప్పింది నేను. పేపర్లో పద్ధతుల భాగంలో ఆ వాక్యం ఉంది. నేను లేను.

ఉప్పుటేరు77:
కృతజ్ఞతల్లో వేస్తే గూగుల్ స్కాలర్‌లో, అంటే పేపర్లు వెతికే చోట, మన పేరు మీద కనబడదు. అంతే సంగతి.

సముద్రపు_మాస్టారు:
ఆమ్లంతో కడగడం ప్రతి మాన్యువల్‌లో ఉంది. చూసి చెప్పావు, మంచి పని చేశావు. అది కొత్త ఆలోచన కాదు. నిజం చెప్పాలంటే ఆ పని నువ్వు కాకపోతే ఇంకొకరు చేసేవారు.

గాడేరు_పాయ:
ఇంకొకరు చేస్తే వాళ్ల పేరు వేయండి! నేను అడుగుతున్నది కూడా అదే.

మాకు జీతాలు ఆలస్యంగా వచ్చేవి. గ్రాంటు విడుదల కాలేదని నెలల తరబడి ఆపారు. అడిగితే "నువ్వు నేర్చుకోవడానికి వచ్చావు, ఇది అవకాశం" అన్నారు. తీరా పేరు అడిగితే "నువ్వు జీతానికి పనిచేశావు" అంటున్నారు. నేను విద్యార్థినా, కూలీనా? ఏదో ఒకటి తేల్చండి. విద్యార్థిని అయితే డ్రాఫ్ట్ చూపించి నేర్పండి. కూలీని అయితే నెల తిరగ్గానే డబ్బులు, కాలు తెగితే ఆసుపత్రి ఖర్చు ఇవ్వండి. మా కాళ్లు ఆల్చిప్పల మీద తెగినప్పుడు ఇన్సూరెన్స్ కాగితం ఎవరి దగ్గరా లేదు.

జేఆర్‌ఎఫ్_ఆశ:
ఇదే అసలు మాట. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలోకి) నెలకి 37,000. బీఎస్సీ అర్హతతో తీసుకునే ప్రాజెక్టు అసిస్టెంటుకి 2020 డీఎస్‌టీ (కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ) ఉత్తర్వులో 20,000, పైన ఇంటద్దె. బురద అందరికీ ఒకటే.

బ్యూరెట్_బాబాయ్:
జీతం సంగతి తర్వాత. 105 గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను ల్యాబ్‌లో వయసంతా గడిపాను, ఫర్నేస్ దగ్గర చేతులు కాల్చుకున్నాను. ఒక్క పేపర్లో నా పేరు లేదు. నేనెప్పుడైనా అడిగానా?

గాడేరు_పాయ:
అడగాల్సింది బాబాయ్ గారూ.

తాళ్ళరేవు_కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. ఇక్కడ చదవడమే గానీ రాయను. మా నాన్న పడవ నడుపుతారు. మేడమ్ గారి ప్రాజెక్టో ఇంకోటో తెలీదు గానీ అలాంటి వాళ్లని చాలామందిని లోపలికి తీసుకెళ్లారు.

"అన్నీ నేనే చేశాను" అని రాశారు. పోటు మీద ఏ పాయలోకి దూరాలో, నీరు తగ్గేలోపు ఎప్పుడు బయటపడాలో చెప్పేది ఎవరండి? కాస్త ఆలస్యమైతే పడవ బురద మీద కూర్చుంటుంది, మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే పాలు కంట్లో పడతాయి, చెయ్యి పెట్టొద్దని అరిచేది ఎవరు? ఒకసారి మ్యాప్ మీద చుక్కలు పెట్టుకుని వచ్చారు. సగం చుక్కల దగ్గరికి పడవ పోదు. నాన్న ఇక్కడ దిగండి, ఇక్కడ దిగండి అని చూపించిన చోటే తాళ్లు కట్టి కొలిచారు. ఆ పడవ అద్దె ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

గాడేరు_పాయ:
తమ్ముడూ, మీ నాన్నగారి లాంటి వాళ్లు లేకపోతే మేం అడుగు వేయలేం. నేను ఎప్పుడూ కాదనలేదు. మా పడవాయన పేరు కూడా కృతజ్ఞతల్లో వేయమని మా సార్‌ని అడిగాను.

తాళ్ళరేవు_కుర్రోడు:
కృతజ్ఞతలు మీకు చాలలేదు గదండి. మాకు మాత్రం ఎలా చాలతాయి?

సముద్రపు_మాస్టారు:
చూశారా? ఇందుకే గీత ఎక్కడో ఒకచోట గీయాలంటాను. లేకపోతే పడవ నడిపినవారు, అన్నం వండినవారు, పర్మిషన్ కాగితం ఇచ్చిన అటవీ శాఖ గుమాస్తా, అందరూ రచయితలే.

గాడేరు_పాయ:
మాస్టారు గారూ, గీత మీరే గీస్తున్నారు. ప్రతిసారీ అది మీ కాళ్ల ముందు నుంచే మొదలవుతోంది.

సముద్రపు_మాస్టారు:
మాట జాగ్రత్త. నేను మడ అడవుల్లో తిరగడం మొదలుపెట్టేనాటికి మీరెవరూ పుట్టలేదు. ఫీల్డుకి రాని మాస్టారిని కాను.

ఆ కుర్రాడు చెప్పిన ఒక్క విషయం మాత్రం నన్ను పట్టుకుంది. పడవ పోయిన చోటే ప్లాట్లు, అంటే కొలిచే చోట్లు, వేశారా? మీ పేపర్లో స్థలాల ఎంపిక గురించి ఏమని రాశారు?

గాడేరు_పాయ:
రాండమ్‌గా, అంటే లాటరీ తీసినట్టు, ఎంచుకున్నాం అని ఉంది. కానీ మేం కూడా పడవ చేరగలిగిన చోటే దిగాం. అంటే ఎక్కువ ప్లాట్లు కాలువ గట్టుకి దగ్గరగా పడ్డాయి.

సముద్రపు_మాస్టారు:
అయితే అది చిన్న విషయం కాదు. కాలువ అంచున ఒండ్రు పడే తీరు వేరు, లోపలి నేల వేరు. గట్టు వెంబడి అంకెల్ని మొత్తం అభయారణ్యానికి, అంటే 235 చదరపు కిలోమీటర్లకి పైగా, వర్తింపజేస్తే ఎలా? దీనికి రచయితలు జవాబు చెప్పాలి.

గాడేరు_పాయ:
ఏం చెబుతారు? ఏ ప్లాటు మార్చామో, ఎందుకు మార్చామో మా నోట్‌బుక్‌లో ఉంది. ఆ ఐదుగురిలో ఎవరికీ తెలీదు. నాకు తెలుసు, మా పడవాయనకి తెలుసు. జవాబు చెప్పగలిగినవాళ్లే రచయితలన్నది మీరే కదా. జవాబు చెప్పగలిగిన ఇద్దరమూ ఆ జాబితా బయటే ఉన్నాం. డ్రాఫ్ట్ నాకు చూపించి ఉంటే "రాండమ్" అన్న మాట ఆ రోజే కొట్టేసేదాన్ని.

ఉప్పుటేరు77:
ఇప్పుడు మాట్లాడండి మాస్టారు.

సముద్రపు_మాస్టారు:
మాట్లాడతాను. డ్రాఫ్ట్ ఆమెకి పంపకపోవడం ప్రాజెక్టు పెద్దల తప్పు. ఆ మేరకు ఒప్పుకుంటున్నాను. అమ్మా, ఆ పత్రిక సంపాదకుడికి నువ్వే రాయి. పాత జీపీఎస్ పాయింట్లు, కొత్తవి, తేదీలు పక్కపక్కన పెట్టి పంపు. సవరణ వేస్తారు. కానీ ఫీల్డులో ఉన్నవారందరి పేరూ హక్కుగా ఎక్కాలంటే మాత్రం ఒప్పుకోను.

గాడేరు_పాయ:
రాస్తే నాకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎవరిస్తారండి? అది ఇంకా మా సార్ దగ్గరే ఉంది. ఆ టెన్షన్ మీకు తెలీదు.

జేఆర్‌ఎఫ్_ఆశ:
ముందు సర్టిఫికెట్ తీసుకోండి, తర్వాత రాయండి. నోట్‌బుక్ పేజీలు మాత్రం ఈ రాత్రికే ఫోటోలు తీసి పెట్టుకోండి.

తాళ్ళరేవు_కుర్రోడు:
మరి పడవ బాకీ గురించి ఎవరికి రాయాలండి?

బ్యూరెట్_బాబాయ్:
ఇది నాకు తెలుసు బాబూ. పడవ అద్దె ఫీల్డ్ ఖర్చుల పద్దులో చూపిస్తారు. వోచరు మీద మీ నాన్న సంతకం ఉంటేనే బిల్లు పాసవుతుంది. ఆ సంస్థ అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి, ఆయన పేరు మీద ఎంత ఇచ్చినట్టు రాశారో చూపించమని అడుగు. సంతకం ఎంత మొత్తానికి పెట్టారు?

తాళ్ళరేవు_కుర్రోడు:
అంకె లేదండి. ఖాళీ వోచర్ల మీద పెట్టించుకున్నారు. గ్రాంటు రాగానే రాసుకుంటాం అన్నారు.

సముద్రపు_మాస్టారు:
ఖాళీ వోచర్ల మీదా? బాబూ, ఆ ప్రాజెక్టు ఏదో ఇక్కడ రాయకు, నాకు విడిగా మెసేజ్ పెట్టు. అకౌంట్స్ వాళ్లకి ఏమని రాయాలో నేను కూర్చుని రాసిస్తాను.