యుద్ధం మొదలవగానే సంగీతం తెగినట్టు వినిపిస్తోంది, అతుకు తెలియకుండా మార్చేదెలా?

వానచినుకు అడిగిన ప్రశ్న:

గోడో 4.3 గేమ్ ఇంజిన్‌లో చేస్తున్న, అడవిలో తిరిగే ఆట ఇది. రెండు ట్రాకులున్నాయి. తిరుగుతున్నంతసేపూ 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) నెమ్మది ట్రాకు, శత్రువుకి 20 మీటర్ల లోపలికి వెళ్తే 128 బీపీఎం పోరాట ట్రాకు. విడివిడిగా రెండూ బాగున్నాయి. ఆటలో మాత్రం ఒక సెకను క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి పెరగడం) పెట్టినా అతుకు తెలిసిపోతోంది. ఆ 20 మీటర్ల అంచున అటూ ఇటూ నడిస్తే సంగీతమూ అటూ ఇటూ ఊగుతోంది. ఎంపీ3 లూపు తిరిగిన ప్రతిసారీ చిన్న ఖాళీ వస్తోంది. ఆడినవాళ్లు అరగంటకే మ్యూజిక్ ఆపేస్తున్నారు. ఇంకో నాలుగు ట్రాకులు చేయిస్తే సరిపోతుందా, లోపం వేరే చోట ఉందా?

లయకారి:

ట్రాకులు పెంచకండి. క్రాస్‌ఫేడ్ జరిగే ఆ సెకనులో 90, 128 లయలు రెండూ ఒకేసారి మోగుతాయి, అందుకే తాళం తప్పినట్టు ఉంటుంది. ఫేడ్ ఎంత పొడిగిస్తే అంతసేపు తప్పుతుంది.

ఒకే లయలో, ఒకే శ్రుతిలో ఒక్క బాణీ చేయించి దాన్ని పొరలుగా విడదీయండి: కింద ప్యాడ్ (లయ లేకుండా నిలకడగా సాగే స్వరాలు), దాని మీద మెలొడీ, తర్వాత తేలికపాటి తాళవాద్యాలు, చివర డ్రమ్స్, బేస్. నాలుగూ ఒకేసారి మొదలై ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి, మారేది వాల్యూమ్ ఒక్కటే. 1990 నాటి సూపర్ మారియో వరల్డ్‌లో యోషీ మీదకి ఎక్కగానే అదే పాటకి తాళవాద్యం తోడవుతుంది చూడండి, పద్ధతి అదే. పోరాటానికి వేగం చాలదనిపిస్తే లయని మార్చకుండా డ్రమ్స్‌ని మాత్రం రెట్టింపు వేగంతో వాయించమనండి.

ఎగుమతి చేసేటప్పుడు అన్ని పొరలూ ఒకే సాంపుల్ (డిజిటల్ ధ్వనిలో అతిచిన్న ముక్క) దగ్గర మొదలై ఒకే పొడవుండాలి. 90 బీపీఎం, 4/4లో ఒక బార్ (నాలుగు బీట్లు) 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48,000 సాంపుల్స్) దగ్గర సరిగ్గా 1,28,000 సాంపుల్స్. 32 బార్లంటే 40,96,000, సుమారు 85 సెకన్లు. ఒక్కో పొర మీద విడిగా లిమిటర్ (ధ్వని గరిష్ఠాన్ని దాటకుండా బిగించేది) పెట్టి తీయొద్దు. విడిగా బిగించినవి కలిస్తే పీక్‌లు మళ్లీ గరిష్ఠాన్ని దాటుతాయి, పొరల మధ్య సమతూకమూ మారిపోతుంది.

గోడోలో దీనికి, పొరలన్నిటినీ ఒకేసారి నడిపే ఆడియోస్ట్రీమ్‌సింక్రనైజ్డ్ ఉంది. ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటుంది: వాల్యూమ్‌ని మైనస్ 60 డెసిబెల్స్ నుంచి సున్నాకి నేరుగా ట్వీన్ చేస్తారు (క్రమంగా మారుస్తారు). సగం దారిలో అది మైనస్ 30, అంటే దాదాపు వినపడదు. చివర్లో ఒక్కసారిగా ఊడిపడుతుంది. సున్నా నుంచి ఒకటి దాకా ట్వీన్ చేసి, ప్రతి ఫ్రేములో లీనియర్_టు_డీబీతో డెసిబెల్స్‌లోకి మార్చండి. పోరాట పొర పైకి రావడానికి అర సెకను, దిగడానికి 4 నుంచి 6 సెకన్లు.

నిశాచరి:

లయ సంగతి సరే, ఆ ఊగిసలాట మాత్రం పూర్తిగా కోడ్ లోపం. రావడానికీ పోవడానికీ ఒకే హద్దు పెట్టకూడదు. 20 మీటర్ల దగ్గర మొదలైతే 30 దాటాకే ఆపండి. దాటాక కూడా 6 సెకన్లు ఆగి, ఆలోపు తిరిగి రాకపోతేనే దించండి.

ఇంకా ముఖ్యమైన విషయం, దూరాన్ని బట్టి సంగీతం మార్చడమే తప్పు. చెట్టు వెనక దాక్కున్న శత్రువు గురించి ఆటగాడికి డ్రమ్స్ ముందే చాడీ చెప్పేస్తాయి, ఉలికిపాటు అక్కడే చచ్చిపోతుంది. శత్రువు ఆటగాణ్ని చూసిన క్షణానికి ముడిపెట్టండి. ఆఖరి శత్రువు పడిపోగానే ఠక్కున ఆపినా అదే గోల, ‘ఇక ఎవరూ లేరు’ అని చాటింపు వేసినట్టే. భయపెట్టే చోట్ల ఆ 6 సెకన్లని 12 చేయండి, ఆటగాడు అనుమానంతో చుట్టూ చూస్తాడు.

ఉందా లేదా అని రెండే స్థితులు కాకుండా, ప్రమాదాన్ని సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకెగా లెక్కగట్టండి. 1978లో స్పేస్ ఇన్‌వేడర్స్ నాలుగే స్వరాలతో ఈ పని చేసింది, శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరిగి గుండె దడ పుట్టించేది.

సరిగమపద:

ఎంపీ3 ఖాళీ గురించి. ఆ ఫార్మాట్ 1152 సాంపుల్స్ ముక్కలుగా నడుస్తుంది. 40,96,000ని 1152తో భాగిస్తే శేషం వస్తుంది కాబట్టి చివరి ముక్కని నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ ఎన్‌కోడర్ కొంత ఖాళీ చేరుస్తుంది. ఆగ్ వోర్బిస్ ఫార్మాట్‌కి మారండి, అందులో కచ్చితమైన పొడవు నమోదవుతుంది.

ఖాళీ పోయినా లూపు చివర రివర్బ్ తోక (స్వరం ఆగాక మిగిలే ప్రతిధ్వని) తెగితే అతుకు మళ్లీ తెలుస్తుంది. పాటని వరసగా రెండుసార్లు వాయించి రెండో సారిని మాత్రమే కత్తిరించి తీసుకోండి. మొదటిసారి తోక రెండోసారి మొదట్లో కలిసి ఉంటుంది.

లయకారి గారితో ఒక చోట ఒప్పుకోలేను. పొరలు ఉద్రేకాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. దిగులు నుంచి విజయంలోకి వెళ్లాలంటే స్వరసంగతులే మారాలి, దానికి వేరే భాగం రాయక తప్పదు. లూకస్‌ఆర్ట్స్ 1991లో మంకీ ఐలండ్ 2లో వాడిన ఐమ్యూజ్ అనే సంగీత వ్యవస్థ ఈ అవసరం కోసమే పుట్టింది, భాగం నుంచి భాగానికి సంగీతం తెగకుండా దాటించడానికి.

మౌనరాగి:

85 సెకన్ల లూపు అరగంటలో 21 సార్లు తిరుగుతుంది. ఎంత మంచి మెలొడీ అయినా విసుగొస్తుంది. త్వరగా విసిగించేది మెలొడీయే, ప్యాడ్ కాదు. మెలొడీ పొరని మూడు చుట్లకొకసారి మాత్రమే రానివ్వండి. మధ్యలో రెండు మూడు నిమిషాలు సంగీతం పూర్తిగా ఆపేసి గాలి, ఆకులు, అడుగుల చప్పుడు వదిలేయండి. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక పాట అయ్యాక నిమిషాల తరబడి ఏమీ ఉండదు, అందుకే తర్వాతి పాట మొదలైనప్పుడు మనసు లాగుతుంది. అడవిలో ఉన్నానన్న భావన చాలావరకు ఆ నిశ్శబ్దంలోనే కలుగుతుంది.

మాటలు వచ్చేటప్పుడు సంగీతాన్ని 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి. తగ్గడానికి 100 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి 800. తిరిగి రావడం అంతకన్నా వేగమైతే సంగీతం ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బుతుంది. మొత్తం ఆట ధ్వని సగటున మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనానికి కొలత) దగ్గర ఉంటే ఇంట్లో టీవీ మీద సరిపోతుంది.

వానచినుకు:

128 ట్రాకు ఇప్పటికే పూర్తయింది, పారేయలేను. దాన్నే ఉంచి దాటించే దారి ఉందా?

లయకారి:

ఉంది. గోడోలోనే ఒక క్లిప్ నుంచి ఇంకోదానికి దాటించే ఆడియోస్ట్రీమ్‌ఇంటరాక్టివ్‌లో రెండు క్లిప్పులూ పెట్టండి. దిగుమతి సెట్టింగుల్లో బీపీఎం, మొత్తం బీట్లు, బార్‌కి ఎన్ని బీట్లు అన్నవి నింపాలి, లేకపోతే బార్ ఎక్కడుందో ఇంజిన్‌కి తెలియదు. తర్వాతి బార్ దాకా ఆగమంటే 90లో 2.7 సెకన్ల దాకా ఆలస్యం కావొచ్చు, ఈలోపు శత్రువు కొట్టేస్తాడు. యుద్ధంలోకి వెళ్లేటప్పుడు తర్వాతి బీట్ ఎంచుకోండి, ఎక్కువలో ఎక్కువ 0.67 సెకను. ఆ కాస్త సందుని కప్పడానికి శత్రువు చూసిన క్షణంలోనే లయ లేని ఒక దెబ్బ, సింబల్‌ గానీ లోతైన డ్రమ్ గానీ, వేరే ప్లేయర్‌లో మోగించండి. లయ మారిందన్న సంగతి దాని మోతలో కలిసిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు తొందర లేదు కాబట్టి బార్ చివర్లోనే మార్చండి, మధ్యలో ఫిల్లర్ క్లిప్‌గా ప్యాడ్ ఒక్కటే నాలుగు సెకన్లు పెట్టండి. అందులో లయ లేదు కాబట్టి 128 తర్వాత 90 వచ్చినా చెవికి తగలదు.