అండమాన్ వెళ్లేలోపు స్కూబా కోర్సు సగం ఇక్కడే చేయొచ్చా?

మాది హన్మకొండ. జనవరిలో ఇంట్లోవాళ్లతో అండమాన్, హావ్‌లాక్ వెళ్తున్నాం. ఉండేది 5 రోజులే. ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్‌లో మొదటి స్థాయి) కోర్సుకే 3, 4 రోజులు పోతే ఇంక తిరిగేదెప్పుడు? పైగా మా ఆవిడ ఊరుకోదు. అందుకే థియరీ ఆన్‌లైన్‌లో, పూల్ ప్రాక్టీస్ హైదరాబాద్‌లో ముగించి, సముద్రంలో చేయాల్సిన 4 డైవ్‌లు మాత్రం అక్కడ చేద్దామనుకుంటున్నా. ఇలా రెఫరల్ మీద, అంటే సగం ఒకచోట, మిగతాది ఇంకోచోట పూర్తి చేసినవాళ్లున్నారా? ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతయింది?

కోర్సులో అడిగే 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం పర్వాలేదు, చిన్నప్పుడు వ్యవసాయ బావిలో నేర్చిన ఈతే. అసలు టెన్షన్ చెవులది. బావి అడుగుకు మునిగితేనే పోటు పెట్టేవి, మరి ఈ కోర్సులో 18 మీటర్ల లోతు దాకా దిగాలంటే? ముందే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలా? డైవ్‌లయ్యాక 18 గంటలైనా విమానం ఎక్కొద్దంటారు కాబట్టి ఆఖరి రోజు ఖాళీగానే ఉంచాను.