కొరోనేషన్ స్ట్రీట్: నటులు వెళ్లిపోతే పాత్ర ఏమవుతుంది?

ప్రశ్న – పాతరీలు

కొన్ని నెలలుగా బ్రిటిష్ టీవీ ధారావాహిక కొరోనేషన్ స్ట్రీట్ పాత ఎపిసోడ్లను దొరికినవి దొరికినట్టు చూస్తున్నాను. వరుస తప్పి చూడడం వల్లనేమో, ఒక సందేహం పట్టుకుని వదలడం లేదు.

డియర్డ్రీ కూతురు ట్రేసీ బార్లో పాత్రను చిన్నప్పటి నుంచి ఇప్పటివరకు నలుగురు పోషించారు. 1990లలో డాన్ ఆక్టన్ కనిపిస్తారు, 2002 చివరి నుంచి కేట్ ఫోర్డ్ కనిపిస్తారు. ఇద్దరికీ పోలిక అంతంతమాత్రమే అయినా వీధిలో ఒక్కరు కూడా ఆ అమ్మాయిని ఎగాదిగా చూడలేదు. కానీ తల్లి డియర్డ్రీగా నటించిన ఆన్ కర్క్‌బ్రైడ్ 2015 జనవరిలో మరణించినప్పుడు ఆ పాత్రకు మరొకరిని తీసుకోలేదు. అదే ఏడాది జులైలో డియర్డ్రీ కూడా చనిపోయినట్టు కథ రాశారు. కూతురికి నాలుగు ముఖాలు చెల్లినప్పుడు తల్లికి రెండో ముఖం ఎందుకు చెల్లలేదు? ఈ విషయంలో నిర్మాతలు పాటించే నియమం ఏదైనా ఉందా, లేక అప్పటికి ఏది తోస్తే అది చేస్తారా?

దీనితో ముడిపడిన మరో ప్రశ్న కూడా ఉంది. ఎనా షార్పుల్స్ లాంటి పెద్ద పాత్రలు చావకుండా, తిరిగి రాకుండా ఎటో వెళ్లిపోయాయి. వాటిని అలా ఎందుకు వదిలేశారో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం – మూడోగది

రాతపూర్వకమైన నియమం ఉన్నట్టు నేను ఎక్కడా చదవలేదు. అయితే 1960 డిసెంబరు 9 నుంచి నడుస్తున్న ధారావాహికలో కొన్ని అలవాట్లు నియమాలంత బలంగా పాతుకుపోయాయి. నటుడు తప్పుకునే సమయానికి ఆ పాత్ర వీధికి ఎంత దూరంలో ఉంది, ప్రేక్షకుల కళ్ల ముందు ఎంతకాలం వయసు పెంచుకుంది అన్న రెండు సంగతులు చూస్తే చాలావరకు లెక్క తేలిపోతుంది.

ట్రేసీ విషయంలో రెండూ కలిసివచ్చాయి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమెకు కథలో పెద్దగా పని లేదు, ఏళ్ల తరబడి మేడమీద గదిలోనే ఉండిపోయిందని అభిమానులు నవ్వుకునేవారు. పెద్దదయ్యాక పెళ్లి చేసుకుని లండన్ వెళ్లిపోయింది. డాన్ ఆక్టన్ చివరిసారి 1999లో కనిపించారు, కేట్ ఫోర్డ్ వచ్చింది 2002లో. మూడేళ్లు కనిపించని మనిషి తిరిగివస్తే ముఖం ఎందుకు మారిందని ప్రేక్షకుడు అడగడు, ఇన్నాళ్లూ ఎక్కడుందని అడుగుతాడు. డియర్డ్రీ భర్త కెన్ బార్లోకు మొదటి భార్య వల్ల కలిగిన కొడుకు పీటర్ బార్లో కథ కూడా ఇలాంటిదే. పీటర్ తల్లి వాలరీ 1971లో చెడిపోయిన హెయిర్ డ్రయ్యర్ వల్ల విద్యుదాఘాతానికి గురై చనిపోయింది. ఆ పాత్ర వేసిన ఆన్ రీడ్ తానుగా తప్పుకోవాలనుకోవడం దానికి కారణం. పీటర్‌ను, అతని కవల సోదరిని స్కాట్లండ్‌లోని అమ్మమ్మ తాతయ్యల దగ్గరికి పంపేశారు. రచయితలకు స్కాట్లండ్ అటకలాగా పనికివచ్చింది. పీటర్‌ను కావలసినప్పుడు అక్కడి నుంచి దించారు, దించిన ప్రతిసారీ దాదాపు కొత్త ముఖమే.

డియర్డ్రీకి అలాంటి అటక లేదు. 1972లో వచ్చిన ఆన్ కర్క్‌బ్రైడ్ 2014 వరకు ఉన్నారు. ఆ పెద్ద కళ్లద్దాలు, ఆ బొంగురు గొంతు, కోపం వచ్చినప్పుడు మెడ మీద బిగుసుకునే నరాలు లేకుండా డియర్డ్రీ లేదు. కెన్ బార్లోను ఆమె రెండుసార్లు పెళ్లాడింది. మొదటిది 1981 జులైలో, యువరాజు చార్ల్స్, డయానాల వివాహానికి రెండు రోజుల ముందు ప్రసారమైంది. రెండోది 2005 ఏప్రిల్‌లో, చార్ల్స్, కమిల్లాల పెళ్లి జరిగిన వారంలోనే వచ్చింది. ఈ రెండు పెళ్లిళ్ల మధ్య ఆ ఒక్క ముఖం మీదే ఇరవై నాలుగేళ్లు గడిచాయి. 1998లో మోసగాడి మాటలు నమ్మి డియర్డ్రీ జైలుకు వెళితే పత్రికలు ఆమె విడుదల కోసం ప్రచారం నడిపాయి, అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ కూడా ఆ సరదాలో పాలుపంచుకున్నారు. అంతగా ఇంటి మనిషైపోయిన పాత్రను ఇంకొకరి చేతికి ఇస్తే, ఆ కొత్త నటి ఎంత గొప్పదైనా సరే, ప్రేక్షకులు ఒప్పుకోరు.

ఆ మరణాన్ని రాసిన తీరు కూడా గమనించండి. నటి చివరి సన్నివేశాలకు, పాత్ర మరణానికి మధ్య నెలలు గడిచాయి. ఆ కాలమంతా డియర్డ్రీ స్నేహితురాలి ఇంట్లో ఉందని చెబుతూ వచ్చారు. చివరికి ఆమె ఇంటికి వస్తోందని విందుకు అన్నీ సిద్ధం చేసుకున్న వేళ, ఆమెకు బదులు ఆ స్నేహితురాలు చావు కబురు తీసుకుని గుమ్మంలో నిలబడింది. నటి లేకుండా మరణ సన్నివేశం చూపించడం సాధ్యం కాదు, అందుకే ఎదురుచూస్తున్నవాళ్ల ముఖాలు చూపించారు.

సమాధానం – జీడిచెట్టు

మూడోగది గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఈ సంప్రదాయం ఎంత పాతదో చూపడానికి ఒక ఉదాహరణ చెబుతాను. పాతరీలు గారు 1984 నాటి ఎపిసోడ్లు ఇంకా చూసి ఉండకపోతే ముందు అవే చూడాలి.

పదమూడో నంబరు ఇంట్లో ఉండే ఆగ్డెన్ దంపతులు స్టాన్, హిల్డా. కిటికీ అద్దాలు తుడిచే పని చేసే స్టాన్ ఆ పనిని వీలైనంత తప్పించుకుని పబ్బులో కూర్చుంటాడు. రోవర్స్ రిటర్న్ పబ్బును శుభ్రం చేసే హిల్డా తలకు కర్లర్లు పెట్టుకుని రోజంతా అతన్ని సాధిస్తుంది. ఇరవై ఏళ్లపాటు జనం వాళ్లను చూసి నవ్వుకున్నారు. స్టాన్ పాత్రధారి బెర్నార్డ్ యూవెన్స్ అంతకుముందు ఈ ధారావాహికను నిర్మించిన గ్రెనడా టీవీ సంస్థలోనే అనౌన్సరు, చక్కటి నాజూకైన ఉచ్చారణ కలవారు. ఆ నోటితోనే ఆ మొద్దు మాటలు పలికించారన్నది తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. పక్షవాతం వచ్చి మాట స్పష్టత తగ్గిన తరువాత కూడా ఆయన సంభాషణలు తగ్గించుకుని కొనసాగారు. 1984 ఆగస్టులో మరణించారు. నవంబరులో స్టాన్ మరణించాడు.

స్టాన్ చనిపోవడాన్ని మనం చూడము. అంత్యక్రియలు ముగిశాక హిల్డా ఒంటరిగా ఇంటికి వస్తుంది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితపు పొట్లం విప్పుతుంది. అందులో పైజమా, కళ్లద్దాల పెట్టె ఉంటాయి. ఆ పెట్టె చేతిలోకి తీసుకున్న తరువాత అంతవరకు బిగబట్టుకున్న దుఃఖం కట్టలు తెంచుకుంటుంది. దాదాపు మాటల్లేని ఆ సన్నివేశంలో జీన్ అలెగ్జాండర్ ఏడ్చింది హిల్డాగానా, ఇరవై ఏళ్ల సహనటుణ్ని కోల్పోయిన మనిషిగానా అన్నది చూసేవారికి తేలదు. స్టాన్ పాత్రకు వేరొకరిని తెచ్చి ఉంటే ఈ సన్నివేశం పుట్టేదే కాదు. నా అభిప్రాయంలో మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

మూడేళ్ల తరువాత, 1987 క్రిస్మస్ రోజున హిల్డా వీధి విడిచి డెర్బీషైర్‌లో ఒక డాక్టరు ఇల్లు చూసుకోవడానికి వెళ్లిపోయింది. ఆ ఎపిసోడ్‌ను 2 కోట్ల 60 లక్షల మందికి పైగా చూశారు. జీన్ అలెగ్జాండర్ మళ్లీ ధారావాహికలోకి రాలేదు.

మీ రెండో ప్రశ్న సంగతి. ఎనా షార్పుల్స్ 1980లో సెయింట్ ఆన్స్‌కు వెళ్లింది. పాత్రధారిణి వయొలెట్ కార్సన్ 1983లో కన్నుమూశారు. రోవర్స్ యజమానురాలు ఆనీ వాకర్‌గా నటించిన డోరిస్ స్పీడ్ కూడా అదే 1983లో తప్పుకున్నారు. ఆమె ఎప్పటి నుంచో వయసు తగ్గించి చెప్పుకునేవారట. అసలు వయసు ఎనభై నాలుగని ఒక పత్రిక బయటపెట్టడం ఆమెను బాగా బాధించింది. ఆనీ కూతురి దగ్గరికి వెళ్లిందని కథలో చెప్పారు. వీళ్లిద్దరి పాత్రలను తెర మీద చంపకుండా వదలడం నిర్లక్ష్యమని నేననుకోను. వృద్ధనటి ఎప్పుడైనా ఒకరోజు కోలుకుని తిరిగి వస్తుందేమో అని తలుపు తెరిచి ఉంచడం మర్యాద.

పాతరీలు

ఇద్దరికీ ధన్యవాదాలు. కానీ ఒక అభ్యంతరం చెప్పాలి. లండన్ నేపథ్యంగా బీబీసీ నడిపే ధారావాహిక ఈస్ట్‌ఎండర్స్‌లో మార్క్ ఫౌలర్ పాత్ర వేసిన యువనటుడు డేవిడ్ స్కార్‌బరో 1988లో చనిపోయారు. ఆ పాత్ర మాత్రం చనిపోలేదు. 1990లో టాడ్ కార్టీ దాన్ని అందుకున్నారు, మరుసటి ఏడాది ఆ పాత్రకు హెచ్ఐవీ సోకిన కథ కూడా నడిపారు. నటుడు మరణిస్తే పాత్ర కూడా మరణిస్తుందన్న సంప్రదాయానికి ఇది విరుద్ధం కాదా?

సమాధానం – కాలువగట్టు

విరుద్ధమే, అయితే మూడోగది గారు చెప్పిన దూరం లెక్కకు మాత్రం విరుద్ధం కాదు. మార్క్ చాలాకాలంగా ఆ కథ జరిగే ఆల్బర్ట్ స్క్వేర్‌లో లేడు, ఇంటి నుంచి వెళ్లిపోయిన కొడుకు. అతని ముఖం ప్రేక్షకులలో ముద్ర వేసేంత కాలం స్కార్‌బరో తెర మీద లేరు. పెగ్గీ మిచెల్ కూడా ఇంతే. 1991లో కొద్ది ఎపిసోడ్లలో జో వార్న్ ఆ పాత్రలో కనిపించారు, 1994లో బార్బరా విండ్సర్ వచ్చారు. ఈరోజు మొదటి పెగ్గీని గుర్తుచేస్తే చాలామంది నమ్మరు.

బీబీసీ వాళ్లకు ఇంకొక పద్ధతి కూడా ఉంది. నటుడికి వచ్చిన జబ్బును పాత్రకు కూడా ఇవ్వడం. డాట్ కాటన్ భర్త జిమ్ బ్రానింగ్‌గా నటించిన జాన్ బార్డన్‌కు 2007లో పక్షవాతం వచ్చింది. కథలో జిమ్‌కు కూడా వచ్చింది. 2008 జనవరి 31న ప్రసారమైన ఎపిసోడ్ మొత్తంలో డాట్ పాత్రధారిణి జూన్ బ్రౌన్ ఒక్కరే ఉంటారు. ఆసుపత్రిలో ఉన్న భర్తకు వినిపించడానికి క్యాసెట్ మీద తన మాటలు రికార్డు చేస్తూ, మధ్యమధ్య ఆపుతూ, తన బతుకంతా చెప్పుకుంటూ పోతుంది. ఒక ధారావాహిక ఎపిసోడ్‌ను అరగంటసేపు ఒకే మనిషి మోయగలదని అప్పుడు తెలిసింది. ఆ నటనకు జూన్ బ్రౌన్ బాఫ్టా అవార్డు నామినేషన్ పొందారు. 2020లో డాట్ ఐర్లండ్ వెళ్లినట్టు చూపారు. 2022 ఏప్రిల్‌లో తొంభై ఐదేళ్ల వయసులో జూన్ బ్రౌన్ మరణించాకే, ఆ డిసెంబరులో డాట్ అంత్యక్రియలు జరిపించారు. జీడిచెట్టు గారు చెప్పిన మర్యాద ఇక్కడ కూడా కనిపిస్తుంది.

ఇక నాకు నచ్చని విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. చచ్చినవాళ్లను లేపడం. లెస్లీ గ్రాంథమ్ పోషించిన డెన్ వాట్స్‌ను 1989లో కాలువ ఒడ్డున కాల్చేశారు. 2003లో ఆయన నిక్షేపంలా తిరిగి వచ్చాడు, 2005లో మళ్లీ చంపారు. 2006లో దక్షిణాఫ్రికాలో చనిపోయిందని చెప్పిన కాథీ బీల్ 2015లో బతికి వచ్చింది. నటులు దొరికారు కదా అని ఇలా చేస్తే, తరువాత ఏ చావుకూ కన్నీళ్లు రావు.

సమాధానం – జీడిచెట్టు

కాలువగట్టు గారి కోపం న్యాయమే. కానీ చనిపోయినవారిని తేవడానికి ఇంకొక దారి కూడా ఉంది. కొరోనేషన్ స్ట్రీట్‌లో వీరా డక్‌వర్త్ పాత్రధారిణి లిజ్ డాన్ ఊపిరితిత్తుల జబ్బుతో తప్పుకోవలసి వచ్చింది. 2008 జనవరిలో వీరా కుర్చీలో నిద్రలోనే పోయినట్టు చూపించారు. 2010 నవంబరులో వీరా భర్త జాక్ పాత్రధారి బిల్ టార్మీ తప్పుకునేటప్పుడు, అతను కూడా ఆ కుర్చీలోనే కన్నుమూశాడు. అతన్ని తీసుకుపోవడానికి వీరా వచ్చింది, లిజ్ డాన్ స్వయంగా నటించారు. ముసలి దంపతులిద్దరూ గదిలో మెల్లగా నాట్యం చేస్తారు. అప్పటికి నటులిద్దరూ జీవించే ఉన్నారు. నటులు బతికి ఉండగానే పాత్రకు చక్కని చావు ఇచ్చిన సందర్భం ఇది.

సమాధానం – మూడోగది

చివరగా ఒక చిన్న విషయం. పీటర్ బార్లో ముఖాలు మారాయని పైన రాశాను కదా. 1970లలో ఆ పిల్లవాడిగా నటించినవారిలో ఒకరు లైనస్ రోచ్. ఆయన కెన్ పాత్రధారి విలియం రోచ్ సొంత కొడుకు. 2000 నుంచి పీటర్ పాత్ర క్రిస్ గాస్కోయిన్‌ది అయిపోయింది. 2010లో లైనస్ రోచ్ మళ్లీ ఆ వీధికి వచ్చారు, ఈసారి కెన్‌కు ఉన్నట్టు అతనికే తెలియని మరో కొడుకు లారెన్స్‌గా. లారెన్స్ కొడుకుగా విలియం రోచ్ ఇంకో కుమారుడు జేమ్స్ నటించారు. అంటే నిజజీవితంలో అన్నదమ్ములు తెర మీద తండ్రీకొడుకులు. ఇన్ని ముఖాలు మారుతున్నా, మొదటి ఎపిసోడ్ నుంచి కెన్ ముఖం ఒక్కటే. అందుకే మిగతా మార్పులన్నీ చెల్లిపోయాయేమో అని నాకు అనిపిస్తుంది.

పాతరీలు

ఇది నేను ఊహించనిది. ముందు 1984 నవంబరు ఎపిసోడ్లు చూసి, తరువాత 2010కి వెళతాను. ఆ కాలువ ఒడ్డు కథ మాత్రం కాలువగట్టు గారి మాట విని 1989 దగ్గరే ఆపేస్తాను.