పాత పిల్లర్ డ్రిల్ ఊగుతోంది: బేరింగులు మార్చాలా, తుక్కుకు వెయ్యాలా?

కొత్త షెడ్డు
అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మూసేస్తున్న ఒక షెడ్డులో పాత పిల్లర్ డ్రిల్ (స్తంభానికి బిగించి ఉండే, కన్నాలు వేసే మిషన్) 9,000 రూపాయలు పెట్టి కొన్నాను. బీడు బాడీ, సింగిల్ ఫేజ్ అర హెచ్‌పీ మోటారు, నాలుగు మెట్ల పుల్లీ, స్పిండిల్‌లో (తిరిగే ఇరుసులో) ఎమ్‌టీ2 టేపర్, అంటే పైకి పోయేకొద్దీ సన్నబడే రెండో నంబరు మోర్స్ రంధ్రం. నలుగురం పడితే గానీ ఆటో ఎక్కలేదు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే బిట్టు మొన సున్నా చుడుతోంది. 6 మి.మీ. బిట్టుతో వేసిన కన్నంలో 6.5 బిట్టు వెనక భాగం దిగిపోతోంది. మెకానిక్‌ని పిలిస్తే హెడ్ మొత్తం విప్పి బేరింగులన్నీ మార్చాలన్నాడు, 6,000 అడిగాడు. మా బావగారేమో వచ్చినంతకు తుక్కుకు వేసి కొత్తది కొనుక్కోమంటున్నారు. నాకు ఈ మిషన్‌ని వదలబుద్ధి కావడం లేదు. ఏం చెయ్యమంటారు?

బాలానగర్ గ్రిల్స్
మీ బావగారి మాటే కరెక్ట్ తమ్ముడూ. నేను గేట్లు, గ్రిల్స్ చేసి బతికేవాణ్ణి. ఇలాంటిదే కొని మూడు నెలలు దాని చుట్టూ తిరిగాను. పుల్లీ పగిలితే ఆ సైజు ఎక్కడా దొరకలేదు, లేతు మీద చేయించాల్సి వచ్చింది. ఆ మూడు నెలల్లో చేజారిన ఆర్డర్ల డబ్బుతో కొత్తది వచ్చేది. ఇంకో సంగతి, బెల్టు మీద మూత ఉందా? మాదానికి లేదు. ఒకరోజు మా కుర్రాడి చొక్కా చెయ్యి పట్టేసింది. స్విచ్ అందింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే.

రిటైర్డ్ ఫిట్టర్
బాబూ, అమ్మనూ వద్దు, విప్పనూ వద్దు. ముందు కొలువు. మొన ఊగితే తప్పు బేరింగుదే కానక్కర్లేదు. స్పిండిల్, దాని టేపర్‌లో దిగే ఆర్బర్, ఆర్బర్ కింద ఉండి బిట్టును పట్టుకునే చక్, బిట్టు, ఈ నాలుగింట్లో ఏది వంకరైనా మొన దగ్గర కనిపించేది అదే ఊగుడు.

మాగ్నెట్ స్టాండు, వెంట్రుకవాసి ఊగుడునూ కొలిచే డయల్ గేజి ఎవరిదగ్గరైనా అరువు తెచ్చుకో. ప్లగ్గు పీకేసి బెల్టు తీసెయ్. క్విల్ (స్పిండిల్‌ని కిందికీ పైకీ నడిపే గొట్టం) పక్కనున్న చీలికలో డ్రిఫ్ట్ (చీలలాంటి ఇనుప పట్టీ) పెట్టి సుత్తితో ఒక్కటి తడితే ఆర్బర్‌తో సహా చక్ ఊడి వస్తుంది. కింద చెక్క పెట్టుకో, టేబుల్ మీద పడితే దెబ్బ తింటుంది. డయల్ ముల్లును టేపర్ లోపలి గోడకు ఆనించి స్పిండిల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పు. అక్కడ ఊగుడు 0.02, 0.03 మి.మీ. లోపే ఉంటే స్పిండిల్ వంగలేదు, బేరింగులూ పెద్దగా అరగలేదు. తర్వాత ఆర్బర్ పెట్టి చూడు. ఆఖరున చక్‌లో 10 మి.మీ. డోవెల్ పిన్ను (నిక్కచ్చి సైజులో ఉండే గుండ్రటి పిన్ను) బిగించి చూడు. బిట్టుతో చూడకు, బిట్టే వంకరగా ఉండొచ్చు.

ముందుగా టార్చి వేసి టేపర్ లోపల చూడు. దాని వాలు ఇంచుమించు 20కి 1. లోహం లోహాన్ని అంతటా పట్టుకుంటేనే అది నిలుస్తుంది. పైన ఒక రజను ముక్క ఇరుక్కుంటే ఆర్బర్ ఒక పక్కకి ఒరుగుతుంది. చక్, బిట్టు కలిపి కింద జానెడు వేలాడతాయి కదా, పైన వెంట్రుకవాసి తేడా మొన దగ్గరికి వచ్చేసరికి రెండు మూడింతలవుతుంది.

బేరింగ్ షాపు
ఫిట్టర్ గారూ, కొలవమన్నారు, బాగుంది. కానీ లోపలి గ్రీజు ఏనాటిదో, గట్టిపడి మైనంలా అయ్యుంటుంది. బేరింగుల ఖర్చెంత? కొలత బాగున్నా మార్చెయ్యడమే మంచిది, మళ్లీ మళ్లీ విప్పే పని ఉండదు.

రిటైర్డ్ ఫిట్టర్
ఇక్కడే నేను ఒప్పుకోను. బేరింగు ఖర్చు కాదండీ, అది ఎక్కించే చెయ్యి ముఖ్యం. షాఫ్టు మీదికి బిగుతుగా ఎక్కే బేరింగును లోపలి రింగు మీద నొక్కాలి. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి, అవి దొర్లే దారిలో గుంటలు పడతాయి. కొత్త బేరింగు తొలిరోజు నుంచే కీచుమంటుంది. బాగున్న పాతవి తీసి ఇలా పాడుచేసుకున్న మిషన్లు ఎన్నో చూశాను. బెల్టు లేకుండా తిప్పి, స్క్రూడ్రైవర్ మొన హెడ్‌కి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకో. ఇసుక నూరినట్టు గరగరమంటే మార్చు, నేనే మార్చమంటాను. మెత్తగా తిరిగితే ముట్టుకోకు.

అట్లాంటా గ్యారేజ్
విప్పే మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నాది ఇక్కడ ఒక ముసలాయన గ్యారేజ్ సేల్‌లో కొన్న పాత అమెరికన్ డ్రిల్. క్విల్‌ని పైకి లాగే స్ప్రింగు హెడ్ పక్కన చిన్న డబ్బీలాంటి మూతలో చుట్టి ఉంటుంది. అది తెలియక నేను నట్టు పూర్తిగా తీసేశాను. మూత గిర్రున తిరిగి చేతిలోంచి ఎగిరింది, స్ప్రింగు అంచు బొటనవేలిని కోసింది. నాలుగు కుట్లు పడ్డాయి. విప్పాల్సి వస్తే తోలు గ్లవ్స్ వేసుకుని, మూతను గట్టిగా పట్టుకుని ఒక్కో చుట్టే వదలండి.

రంగు విషయం కూడా. అమెరికాలో ఇళ్లకు వాడే సీసం పెయింటు 1978లో నిషేధించారు. అంతకు ముందువాటి మీద సీసం ఉందనుకోవడమే క్షేమం. పాత మిషన్ ఎక్కడిదైనా ఎమరీ పేపరుతో పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. తుప్పుకి వాషింగ్ సోడా నీళ్లలో కరెంటు పెట్టే పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ కరెంటు కోసం పక్కన ముంచే రెండో ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీలు వద్దు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. మామూలు ఇనుప ముక్క చాలు, గాలాడే చోట చెయ్యండి.

కొత్త షెడ్డు
ఆదివారం కూర్చున్నాను. టేపర్ లోపల 0.02. చూసి నమ్మలేకపోయాను. పైభాగంలో మాత్రం గోడకి అతుక్కుపోయిన పల్చటి ఇనుప రేకు ముక్క ఒకటి కనిపించింది, తుప్పు మరకలా ఉంది గానీ గోరుకి తగులుతోంది. ఎమ్‌టీ2 రీమరు (టేపర్ లోపలి గోడను గీకే పనిముట్టు) అరువు తెచ్చి, బలం పెట్టకుండా చేత్తో రెండు చుట్లు తిప్పితే ఊడి వచ్చింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆర్బర్ పెట్టాను. పిన్ను దగ్గర అంతకుముందు 0.45 ఉన్నది 0.30కి దిగింది. ఆర్బర్ ఒక్కదాన్నే కొలిస్తే 0.03. అంటే మిగిలిన తప్పంతా చక్‌దే. దాని మూడు దవడలూ మూతి దగ్గర అరిగి, పిన్నును వెనకవైపే పట్టుకుంటున్నాయి. కొత్త చక్, ఆర్బర్ కలిపి 2,000 లోపే అయింది. ఇప్పుడు 0.06. స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను, బేరింగులు మెత్తగానే ఉన్నాయి.

బాలానగర్ గ్రిల్స్
సంతోషం తమ్ముడూ, ఈ మిషన్ విషయంలో నా మాట తప్పింది. కానీ రోజూ దీని మీదే కూలి గిట్టాల్సినవాడికి ఆదివారాలు ఊరికే రావు, ఆ మాట మీద నేను ఉన్నాను. నువ్వు మాత్రం ఇంకో కన్నం వేసేముందు బెల్టుకి మూత చేయించు, బాడీకి ఎర్త్ వైరు లాగు.

రిటైర్డ్ ఫిట్టర్
మూత మాట నూటికి నూరు పాళ్లు నిజం. అది కాకుండా మిషన్ ముట్టుకోకు. ఒక్కటి మాత్రం చెప్తాను బాలానగర్ గారూ. చవకరకం కొత్తదాన్ని కొనేముందు హ్యాండిల్ గట్టిగా నొక్కి టేబుల్ కేసి చూడండి. చాలావాటిలో స్తంభం వెనక్కి వంగడం కంటికే తెలుస్తుంది. బాబూ, నీ టేబుల్ స్పిండిల్‌కి నిలువుగా ఉందా? చక్‌లో ఒక కమ్మీని ఎల్ ఆకారంలో వంచి బిగించి, చేత్తో చుట్టూ తిప్పు. కొన అన్ని వైపులా టేబుల్‌ని ఒకేలా తాకాలి.

కొత్త షెడ్డు
ఇప్పుడే చూశాను సార్. ఎడమవైపు ఒక పోస్టుకార్డు దూరుతోంది, కుడివైపు దూరడం లేదు. టేబుల్ కింది బోల్టు వదులు చేసి సరిచేస్తాను. మూతకి రేకు కొలతలు ఇచ్చి వచ్చాను, గురువారం చేతికొస్తుంది. అప్పటిదాకా ప్లగ్గు పెట్టను.