కైజర్‌ను ముంచింది పెద్ద కంపెనీలా, కైజరేనా?

రవి: రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వ సొమ్ముతో అమెరికా కార్ల కంపెనీలు ఫోర్డ్, జనరల్ మోటార్స్ బలిశాయి. అందుకే ఆ తర్వాత హెన్రీ కైజర్, జోసెఫ్ ఫ్రేజర్ కలిసి పెట్టిన కైజర్-ఫ్రేజర్, అలాగే స్టూడ్‌బేకర్ లాంటి చిన్న కంపెనీలు బతకలేదు. 1942 ఫిబ్రవరిలో మామూలు జనానికి కార్ల తయారీ ఆపేశారు. మిషిగన్‌లోని విల్లో రన్‌లో ప్రభుత్వం డబ్బు పెట్టిన ఫ్యాక్టరీలోనే ఫోర్డ్ గంటకో బి-24 బాంబర్ విమానం తీసే స్థాయికి చేరింది. ఈ పోటీ మొదటి నుంచీ అన్యాయమే.

సుధ: రవి గారూ, మీ వాదనకు విల్లో రన్నే అడ్డం వస్తోంది. యుద్ధం అయ్యాక ఫోర్డ్ దాన్ని వద్దనుకుంది. లీజుకు తీసుకుని అందులో కార్లు చేసింది కైజర్-ఫ్రేజరే! పైగా అప్పుడు ఏ కారు చేసినా అమ్ముడుపోయేది. నాలుగేళ్లుగా కొత్త కారు లేక జనం ఎదురుచూస్తున్నారు. 1946లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ వారి షెవర్లే కాస్త మెరుగులు దిద్ది 1942 మోడళ్లనే అమ్మాయి. కైజర్ మాత్రం పూర్తిగా కొత్త డిజైన్‌తో వచ్చింది. అంత మంచి అవకాశం మళ్లీ రాదు.

దాన్ని చెడగొట్టుకున్నది 1949లో. పెద్ద కంపెనీలు కొత్త మోడళ్లు దింపుతున్నాయి, ఉత్పత్తి తగ్గిద్దామని జోసెఫ్ ఫ్రేజర్ మొత్తుకున్నాడు. హెన్రీ కైజర్ వినలేదు, ఇంకా పెంచాడు. అమ్ముడుపోని 1949 కార్లకే నంబర్లు మార్చి 1950 మోడళ్లుగా అమ్మాల్సి వచ్చింది. ఇందులో యుద్ధం చేసిన అన్యాయం ఎక్కడుంది?

రవి: కైజర్ సంగతి సరే. స్టూడ్‌బేకర్ అలా దూకుడుగా పోలేదుగా? 1953లో షెవర్లేను దాటాలని ఫోర్డ్ డీలర్ల మీదకు కార్లు తోసింది, రేట్లు పడిపోయాయి. సౌత్ బెండ్‌లోని స్టూడ్‌బేకర్ ఆ రేట్లకు ఎలా దిగుతుంది? 1954లో ప్యాకార్డ్ అనే మరో కార్ల కంపెనీ చేతిలో పడింది.

సుధ: ఆ దెబ్బ నిజమే, చాలా అన్యాయంగా తగిలింది కూడా. కానీ దాన్ని యుద్ధకాలపు కాంట్రాక్టుల ఖాతాలో వేయకండి. స్టూడ్‌బేకర్‌కూ అవి బాగానే వచ్చాయి: సైన్యానికి ట్రక్కులు, బి-17 విమానాలకు ఇంజన్లు చేసింది. ఆ ట్రక్కులు చాలావరకు సోవియట్ యూనియన్‌కు వెళ్లాయి. అసలు బలం డీలర్లది, ఎక్కువ కార్ల మీద విడిభాగాల అచ్చుల ఖర్చు పంచుకోగల సామర్థ్యానిది. అది యుద్ధానికి ముందే ఉంది. 1930ల చివరికే అమెరికాలో అమ్ముడైన కార్లలో పదింట ఎనిమిదికి పైగా జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ అనే మూడు కంపెనీలవే.